గూడబాతు కక్కిన సాక్ష్యం

కడపతోపు, సూళ్లూరుపేట దాపున
సర్వజిత్తు, కార్తీక మాసం

అక్కా,

దండాలు. నేను బతికే ఉన్న. ఇన్నాళ్లు జాబెందుకు రాయలేదని నువ్వు తిట్టుడు మొదలువెట్టకముందే చెప్తున్న: నవాబు రాజ్యం సరిహద్దు దాటేదాక నాకొక అడ్రసు లేదు, దాటినంక రాసే మొఖం లేదు. తాటిచెట్టెక్కి మూడురంగుల జెండా కట్టినోడు, పోలీసు టోపీ కనవడంగనే సొంత ఇంటి గోడ దుంకి ఉరికిండని మాదాపురం దాక నవ్వుతుండొచ్చు. నవ్వనియ్యి. నవ్వుకు సర్కారు పన్ను లేదు కద.

బెజవాడల, నా తీరు సరిహద్దు దాటొచ్చినోళ్ల శిబిరంల వెంకటనారాయణగారని ఒక భూస్వామి కలిసిండు. "మీరు వడ్రంగా? మా ఊళ్లో పడవలు బాగుచేసేవాళ్లు లేరండీ, వస్తారా?" అన్నడు. నేను పుట్టి బుద్ధెరిగినంక బండిచక్రాలు, పీటలు, తలుపులు తప్ప ఏం చేయలే. అయినా వస్తనన్న. ఆకలైనోనికి బండేంది, పడవేంది. ఇప్పుడు ఆయన పాకల ఉంటున్న. నీలమ్మ అని చేపలమ్మే ముసలామె ఇంట్ల తింటున్న. ఈడ అందరు నన్ను 'లింగమూర్తిగారండీ' అంటరు. మొదటిసారి పిలిచినప్పుడు ఎనకకు తిరిగి చూసిన, ఆ గారు ఎవలా అని.

ఈ ఊరి చెరువుల నీళ్ల నడుమనే నీటికడప చెట్లున్నయి. వాటి మీదికి ఈ నెలల గూడబాతులు దిగినయి. గూడంటే నీకు తెలుసు కద, ఇద్దరు చెరొక దిక్కు తాళ్లు పట్టుకొని మడిలకు నీళ్లు చల్లే బుట్ట. గసొంటిదే వీటికి మూతి కింద వేలాడుతది. ఎగిరేటప్పుడు జాగీర్దారు తీరు ఉంటయి, దిగేటప్పుడు తాగినోని తీరు.

సీత ఎట్లుంది? నన్ను ఏమన్న అంటుందా?

నీ తమ్ముడు
లింగమూర్తి


రాయదుర్గం
సర్వజిత్తు, మార్గశిరం

ఒరేయ్ లింగా,

నీ జాబు రాజయ్య తెచ్చిండు, పట్నంల పాలు పోసి వస్తూ. అప్పటికే ఎవరో విప్పి, చదివి, మళ్ల అతికించిన్రు. ఈ జాబు గూడ విప్పే అయ్యా, నీకు నమస్కారం. మా తమ్ముడు సర్కారును కూలగొట్టేటోడు కాదు. వాడు చేసిన పీట మీద కూసుంటె పీటే కూలుతది. చదివినంక జర ఎక్కువ మైదా వెట్టి అతికియ్యి.

అయ్య నాకు అక్షరాలు ఎందుకు నేర్పిండో ఇప్పుడు సమజైంది. నిన్ను కాయితం మీద తిట్టనీకి.

సీతకు ఐదో నెల. పచ్చి చింతకాయ కావాలంటది. చెట్టెక్కేటోడేమో సముద్రం ఒడ్డున పిట్టల మూతులు కొలుస్తున్నడు. నన్ను ఏమన్న అంటుందా అని అడిగినవు. అంటుంది. "గోడ దుంకేటోనికి 'సీతా, పోయొస్త' అననీకి ఎంతసేపు వట్టేది వదినా?" అంటది.  నీ దగ్గర జవాబుంటె రాసి పంపు, చదివి వినిపిస్త.

ఊళ్లె అంత మంచిగనే ఉంది. రాత్రి సోదాలకు భయపడి మగోళ్లందరు మెట్ట చెల్కలల్ల, రాళ్లగుట్టల్ల పండుకుంటున్నరు. ఊళ్లె ఇప్పుడు గురకలన్ని ఆడోళ్లయే. ఫికర్ చేయకు.

అక్క భూలక్ష్మి


కడపతోపు
సర్వజిత్తు, పుష్యం

అక్కా,

సీతకు చెప్పు: ఎంతోసేపు వట్టకపోయేది. అబద్ధం రాద్దామని చూసిన, కలం కదల్లేదు.

పడవల పని మీద పులికాటు ఉప్పుసరస్సు ఒడ్డుకు పోతున్న. ఆడ పిట్టల తిండి చూస్తె మతి పోతది. గూడబాతులు నెలవంక తీరు వరుస కట్టి, రెక్కలతోని నీళ్లు కొట్టుకుంట చేపలను లోతు లేని కాడికి తోలుతయి. అన్నీ ఒక్కసారే మూతులు ముంచుతయి. మన పంచాయతీ పెద్దలకు గీ కలిసికట్టు గుణం ఏనాడు లేదు. ఎర్రకాళ్ల కొంగ మూతి తెరిచి నీళ్లల్ల వెట్టి నడుస్తది. చేప తగిలితె టక్కున మూస్తది, వడ్డీ షావుకారి తీరు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా నడుమ సందుంటది. బ్రహ్మ గూడ ఒక్కోసారి నా లెక్కనే తలుపులు చేస్తడని ధైర్యమొచ్చింది. సముద్రపు రామచిలుకలని, కొంగ తీరు పొడుగు కాళ్ల ఎర్రటియి ఉన్నయి, తలకాయ తలకిందులు చేసి బురదనీళ్లు వడవోసుకొని తింటయి. నేను గట్లనే గంజి తాగి చూసిన. ముక్కులకెల్లి పోయింది.

ఇగ అసలు సంగతి. మా వెంకటనారాయణగారు ఊరి చెరువు చేపలను గుత్తకు వట్టిండు. వల ఏస్తె చేప లేదు. "ఈ పక్షులే తినేస్తున్నాయండీ. చెట్లు కొట్టేద్దాం. కొట్టేది మీరే" అన్నడు. గూళ్లల్ల పిల్లలు లేస్తున్నయి అక్కా. ఊరోళ్లేమో పిట్టలు రాని ఏడు వాన రాదంటరు. రెట్ట కలిసిన నీళ్లు పారితె పొలానికి ఎరువే అక్కరలేదంటరు. నీలమ్మకు తెల్వంగనే అన్నం గిన్నె బోర్లేసి, "గొడ్డలి పట్టే చేతికి నా ఇంట్లో ముద్ద లేదు నాయనా" అన్నది.

తలదాచుకునే పాక ఆయనది. తినే ముద్ద ఆమెది. ఇంటికొచ్చే తొవ్వ బందు. ఏం చెయ్యాలె?

లింగమూర్తి


రాయదుర్గం
సర్వజిత్తు, మాఘం

లింగా,

పిల్లి పాలు తాగిందా లేదా అని పిల్లిని అడుగుతరా? మీసాలు చూస్తరు. నీ వెంకటనారాయణ పిట్టలు తిన్నయంటడు, నీలమ్మ తినలేదంటది. ఇద్దరు ఒడ్డు మీద నిలవడి మాట్లాడేటోళ్లే. నువ్వు చెట్టెక్కు. అవి ఏం తింటున్నయో చూడు. అదొక్కటే కద నీకు వచ్చిన విద్య, చెట్టెక్కుడు.

ఆయన పాక ఇచ్చిండని పాపంల గూడ పాలు పంచుకోవాలెనా? పాక పోతె చెట్టు కింద పండుకో. నీ మీద పిట్ట రెట్టేస్తది, అంతే కద.

సీత మంచిగుంది. కాళ్లు వాచినయి, అది అందరికి ఉండేదే. మొన్న ఎవరో ఇద్దరు వచ్చి నిన్ను అడిగి పోయిన్రు. "పిట్టలు చూడవోయిండు" అన్న. నిజం చెప్తె ఎవలు నమ్మరు, అదొక సుఖం.

అక్క


కడపతోపు
సర్వజిత్తు, ఫాల్గుణం

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేసిన. ఇది సీతకు గట్టిగ చదివి వినిపియ్యి.

తెప్ప మీద పోయి, చెట్టెక్కి, గూటికి మూరెడు దూరంల తలకాయ లేపిన. గూడబాతు పిల్ల నన్ను చూసింది. వీటికొక అలవాటుందట, నాకెవలు చెప్పలే: భయమైతె కడుపులున్నదంత కక్కుతయి. నెత్తి మీదికెల్లి మెడ దాక జారింది. ఆ వాసన రాయనీకి తెలుగుల మాటలు లేవు, ఉర్దూల ఉన్నయి కాని రాయొద్దు. అయితె కండ్లు పనిచేసినయి. చెంప మీద నుంచి ఒక చేపను తీసి చూసిన. కత్తిపరిగె! అది ఉప్పునీళ్ల చేప, నీలమ్మ గంపల రోజు చూసేదే. ఈ చెరువుల మందుకు గూడ దొరకది.

పోయి చెప్పిన. "మీరు చెప్తే నమ్మాలాండీ? నేను చూడాలి" అన్నడు వెంకటనారాయణగారు. గంజి వెట్టిన పంచె, పట్టు ఉత్తరీయం, తెప్ప మీద కుర్చీ. ఊరంత కట్ట మీద నిలవడ్డది. నేను పైకెక్కి కొమ్మను జరంత కదిపిన.

గూడబాతు పిల్లలు, ఎర్రకాళ్ల కొంగ పిల్లలు, నీటికాకి పిల్లలు, అన్నీ ఒక్కతీరుగ సాక్ష్యం చెప్పినయి. అయ్యగారు కుర్చీల నుంచి లేవకముందే నిండా తడిసిండు. మీసం మీద ఒక చిన్న చేప నిలవడ్డది. కట్ట మీదికెల్లి నీలమ్మ అరిచింది: "అయ్యగారూ, అది ఏ నీటి చేపండీ?"

పాపం, మనిషి చెడ్డోడు కాదు. మీసం మీద నుంచి తీసి, ఎండకు పట్టి చూసి, "కత్తిపరిగె" అన్నడు. కట్ట మీద నవ్వు ఎప్పటికి ఆగిందో నాకు తెల్వది. ఆయన ఇంటికి పోయి, స్నానం చేసి, సాయంత్రం మళ్లొచ్చి అడిగిండు: "మరి నా చేపలేవండీ?" నీళ్లల్లకు దిగి చూస్తె తూము తలుపు అడుగున పుచ్చి పోయింది. చేపపిల్లలన్ని పొలాలల్లకు కొట్టుకపోతున్నయి. కొత్త తలుపు చేసి బిగించిన. ఇగ చెట్లు కొట్టడట. నీలమ్మ గిన్నె మళ్ల నా దిక్కు తిరిగింది.

ఇప్పుడు కొన్నాళ్లు పనికి పోత లేను. పాక ముందట మంచం వేసుకొని పిట్టలను చూస్తున్న.

లింగమూర్తి


రాయదుర్గం
సర్వధారి, చైత్రం

లింగా,

చదివి వినిపించిన. సీత నవ్వింది. నువ్వు పోయినంక నవ్వుడు ఇదే మొదలు. నవ్వి నవ్వి ఏడ్చింది, అది వేరే సంగతి.

ఒకటి అడుగుత, సక్కగ జవాబు రాయి. గుడ్డు పగిలి అప్పుడే బయటికొచ్చిన పిల్లకు ఆ గూడబాతు ఏం పెడ్తది? అంత పెద్ద మూతితోని అంత చిన్న నోట్లె ఎట్ల పెడ్తది? పిల్ల తిననంటె ఏం చేస్తది?

ఇంకొకటి. ఎండల పాక ముందట మంచం వేసుకొని కూసుండే గుణం నీకు పుట్టుకల లేదు. ఏం విరగ్గొట్టుకున్నవు?

అక్క


కడపతోపు
సర్వధారి, వైశాఖం

అక్కా,

పిట్టలు పోయినయి. పిల్లలకు రెక్కలొచ్చినయి, చెరువు ఖాళీ. నేను చెట్టు మీద చూసింది రాస్త.

అప్పుడే పుట్టిన పిల్లకు బొచ్చుండది, కండ్లు తెరవది. చేతిల పట్టుకుంటె పచ్చి మాంసం ముద్ద తీరుంటది. తల్లి గాని, తండ్రి గాని, ఇద్దరిల ఎవలున్నా సరే, తిన్న చేపను కడుపుల గంజి చేసి, మూతి చివరకు తెచ్చి చుక్కలు చుక్కలు వదుల్తది. బలవంతం చేయది. పిల్ల నాకదాక అట్లనే మూతి వెట్టుకొని ఉంటది. ఒకటి దిగి ఉప్పుసరస్సుకు పోతె ఇంకొకటి కూసుంటది. పెద్దగైనంక పిల్లనే తల్లి గూడలకు తలకాయ దూర్చి తింటది. చూస్తె తల్లే పిల్లను మింగుతుందనుకుంటవు. ఎండ ముదిరితె కొంగలు నీళ్లు తెచ్చి పిల్లల మీద వోస్తయి.

అక్కా, నాతోని చిన్నప్పటి సంది ఉన్నవు. పిట్ట ఏం తింటదని ఏనాడు అడగలే. నేనొకటి ఒప్పుకుంట, నువ్వొకటి ఒప్పుకో. తూము తలుపు బిగించినంక, పిల్లలను చూద్దామని మళ్ల చెట్టెక్కి, కొమ్మ జారి కింద వడ్డ. కాలు విరిగింది. ఊరోళ్లు పుత్తూరు కట్టు కట్టించిన్రు. నీలమ్మ అన్నం పెట్టింది, వెంకటనారాయణగారు బియ్యం పంపిండు. కట్టు విప్పిన్రు, కాని కాలు జర వంకరగ అతుక్కుంది. నేను చేసిన కుర్చీకాలు తీరు.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఏమైంది?

లింగమూర్తి


రాయదుర్గం
సర్వధారి, జ్యేష్ఠం

లింగా,

కూసోని చదువు. ఆ వంకరకాలు చాపుకొని కూసో.

నీకు బిడ్డ పుట్టింది. ఫాల్గుణంల, ఎనిమిదో నెలలనే. నీ కోసం సోదా చేయనీకి మనుషులొచ్చిన్రు. అటక మీదియి కింద పారేసిన్రు, నీ బాడిసె, ఉలులు, రంపం అన్నీ ఎత్తుకవోయిన్రు. సీతను ఎవలు ముట్టలే, ఒట్టు. కాని ఆ భయానికే నొప్పులొచ్చినయి. వాళ్లు వాకిట్ల ఉండంగనే నేను మంత్రసాని పోచమ్మ కోసం ఉరికిన. గల్మ కాడ, గడపకు అడ్డం నిలవడి ఒకడు 'యాడికి?' అన్నడు. "నువ్వు పుట్టినప్పుడు గూడ ఒకామె ఉరికింది, జరుగు" అన్న. జరిగిండు.

పిల్ల నా దోసిట్ల సరిపోయింది. ఏడువ చాత కాలే. తల్లి దగ్గర వెడితె గుంజలే. పోచమ్మ చెప్పినట్టు సీత పాలు పిండి, దూది వత్తిని ముంచి, పెదవుల మీద చుక్కలు విడిచినం. సీత అలిసిపోతె నేను, నేను అలిసిపోతె పోచమ్మ. ఊపిరి ఉందా లేదా అని చూసుడే పని. అప్పుడే నీ జాబొచ్చింది, వెంకటనారాయణ మీసం మీద చేప. మేము నవ్వింది పిల్లను మధ్యల పండవెట్టుకొని.

నీకెందుకు రాయలేదంటె, రాస్తె నువ్వు ఉరికొస్తవు. సరిహద్దు కాడ నిన్ను పట్టుకుంటరు. ఒక్కళ్లను బతికించుకుంటున్నప్పుడు ఇంకొకర్ని పోగొట్టుకునే తీరిక నాకు లేకుండె.

ఇగ నీ పిట్టల వైద్యం అందేసరికి పిల్లకు బుగ్గలొచ్చినయి. కాబట్టి గొప్పలు చెప్పుకోకు. అంత పోచమ్మ చేతి చలువ. అమ్మ పేరు వెట్టినం, కనకలక్ష్మి. ముక్కు నీదే. పెద్దగైతె ఏం చెయ్యాలెనో సూద్దాం.

సీత ఒక్క మాట రాయమంది: "నన్ను కూలవడకుండ నిలవెట్టింది వదిన. ఆ మాట నీకు ఎరుక ఉండాలె."

భూలక్ష్మి


రాయదుర్గం
సర్వధారి, ఆశ్వయుజం

లింగా,

ఇన్నాళ్లు టపా నడువలే. నువ్వు రాసినవో లేదో, నేను రాసినయి అందినయో లేదో. భాద్రపదంల యూనియన్ ఫౌజు వచ్చింది, నవాబు లొంగిపోయిండు.  అన్ని ఇండ్లల్ల మంచి జరిగిందని రాయలేను. మన సాయబుల ఇండ్లు కొన్ని ఇంక తలుపులు తీయలే, ఆ తల్లులకు మనమే రొట్టెలు పంపుతున్నం.

మన ఇల్లు సోదా చేయించిన పట్వారే ఇప్పుడు జెండా వట్టుకొని ఊరేగింపుకు ముందట నడుస్తున్నడు. "లింగమూర్తి ఎప్పుడొస్తడు, దండ వేద్దాం" అని అడిగిండు. దండ వద్దు, రంపం తెచ్చియ్యి అన్న.

నీ మీద వారంటు లేదు. ఇగ రా. కాలు వంకరైతె వంకర, మేము నిన్ను పరుగుపందెంకు పిలుస్త లేము. నీ దగ్గరికెల్లి జవాబు రాకపోతె నేనే వస్త. మూసాపేట సీత పుట్టింటోళ్లు కార్తీకంల తిరుపతి పోతున్నరు. వెంకన్నకు దండం వెట్టి, అటు నుంచటే వచ్చి నీ చెవి పట్టుకొని తెస్త.

అక్క


కడపతోపు
సర్వధారి, కార్తీకం

ఒరేయ్ లింగా,

నేను ఈడికొస్తె నువ్వు ఆడికి పోయినవట! మన రెండు రైళ్లు గూడూరు కాడ ఎదురుపడి ఉంటయి. ఒకదాంట్ల నువ్వు పల్లీలు తింటున్నవు, ఇంకొకదాంట్ల నేను నిన్ను తిట్టుకుంటున్న.

నీలమ్మ నన్ను చూడంగనే గుర్తు వట్టింది. "ఆ నోరు జాబుల్లో విన్నానమ్మా" అన్నది. వెంకటనారాయణగారు వచ్చి చేతులు కట్టుకొని నిలవడ్డడు. "మీ తమ్ముడు మా చెరువు నిలబెట్టాడండీ" అన్నడు. "కాలు మీరు నిలవెట్టిన్రు, సరిపాయె" అన్న. ఆయనకు నవ్వాలెనో వద్దో తెల్వలే.

పోయినంక ఏమైందో వెంటనే రాయి. సీత తలుపు తీసిందా?

అక్క


రాయదుర్గం
సర్వధారి, మార్గశిరం

అక్కా,

తీసింది. నన్ను కింది నుంచి మీది దాక చూసి, "ఈసారి గోడ ఎక్కి రాలే?" అన్నది. వంకరకాలుతోని చాత కాదన్న. చెంబుతోని నీళ్లిచ్చి లోపలికి పోయింది. నేను అరుగు మీదనే కూసున్న. 

జరసేపటికి వచ్చి పిల్లను నా ఒళ్లె వెట్టి, "పట్టుకో, నాకు పనుంది" అన్నది. పనేం లేదు. తలుపు ఎనక నిలవడి చూస్తుంది, కాళ్ల పట్టీలు కనవడుతున్నయి. కనకలక్ష్మి నా గడ్డం చూసి ఏడ్చింది, తర్వాత అదే గడ్డం పట్టుకొని నిద్రవోయింది. చెయ్యి తిమ్మిరెక్కింది. కదిపితె లేస్తదేమోనని కదపలే. అప్పుడు తలుపు ఎనకకెల్లి సీత చెప్పింది, పిల్ల పుట్టిన రోజు నువ్వు పొద్దు తెల్లారేదాక పిల్లను రొమ్ము మీద వెచ్చగ పెట్టుకున్న సంగతి. ఇది నువ్వు రాయలే.

"నీకు చెప్పకుండ పోయిన. తప్పే" అన్న. "ఎరుకే" అన్నది. తర్వాత ఇద్దరికి కలిపి వడ్డించింది.

నువ్వు ఎప్పుడొస్తవు? నువ్వు లేక ఇంట్ల చప్పుడు లేదు. పొయ్యి గూడ బెదిరినట్టు మండుతుంది. సీత మాత్రం "వదినను తొందరపెట్టకు" అంటది, ఎందుకో అర్థం కాలే.

లింగమూర్తి


కడపతోపు
సర్వధారి, పుష్యం

లింగా,

సీతకు అర్థమైంది, నీకు కాలే. నువ్వు మగోడివి, మెల్లగ అవుతది.

నేను ఇప్పుడే రాను. పిట్టల పిల్లలకు రెక్కలొచ్చేదాక ఉంట. పొద్దున నీలమ్మతోని ఉప్పుసరస్సు ఒడ్డుకు పోతున్న, ఆమె చేపలేరుతది, నేను గంప వట్టుకుంట. వాసనకు మొదట ముక్కుకు కొంగు కట్టుకున్న, ఇప్పుడు అదే లేకుంటె ఏదో మరిచినట్టుంటది. మాపటికి గూడబాతులు గూళ్లకు తిరిగొస్తయి. నువ్వు రాసింది నిజమే, దిగుడు చాత కాదు వాటికి. సరిగ్గ దిగినదాన్ని ఇంతవరకు ఒక్కదాన్ని చూడలే.

ఒక సంగతి చెప్త, నవ్వకు. నా పద్నాలుగో ఏట నన్ను కట్టుకున్నాయన చచ్చిపోయి నేను మనింటికి మళ్లొచ్చిన కద. అప్పటి సంది అయ్యకు, అమ్మకు, నీకు, సీతకు, చివరికి నీ బిడ్డకు, అందరికి నేనే పెట్టిన. మీరు తిన్నంక గిన్నెల ఏముంటె అది పొయ్యి కాడ కూసోని తిన్న. ఎవలు తప్పు చేయలే. అది గట్ల నడిచింది, అంతే.

నేను వచ్చిన దినం నీలమ్మ పీట వేసి కూసోమంది. నేను గరిటె అందుకోబోతె చేతి మీద కొట్టింది. ఇంత అన్నం, చేపల పులుసు నా కంచంల పెట్టింది. "మేము చేపలు ముట్టకూడదమ్మా, మొగుడు లేనోళ్లం" అన్న. "నాకూ లేడు, తిను" అన్నది. తిన్న. ఈ ముక్క విప్పి చదివే అయ్య ఇప్పుడు లేడు గాని, ఉన్నా చదువుకోనియ్యి.

నేను తింటుంటె ఆమె ఎదురుంగ కూసోని చూసింది. "ఇంకొంచెం పెట్టనా తల్లీ?" అన్నది.

పెట్టించుకున్న.

అక్క